యేసయ్యతో అలిగిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. కబురు నాకు చేరేసరికే నాలుగు రోజులైంది. కృష్ణ నిండుగా పారుతోందట, పుట్టి వేసి ఏరు దాటించేవాళ్లు ఎవరినీ ఎక్కించుకోలేదట. రేవులో రెండు రోజులు పడిగాపులు కాసి వచ్చానని ఆమె తోడికోడలి కొడుకు చెప్పాడు. అప్పటికే మన్ను వేయడం కూడా అయిపోయింది. వనపర్తిలో మా బడి వరండాలో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు రాలేదు. "అన్నం తిన్నవా?" అని అతన్ని అడిగాను. ఏం అడుగుతున్నానో నాకే తెలియదు.

ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఆమె తెలియదు. మల్దకల్ దాటాక ఒక చిన్న పల్లె ఆమెది. ఒకరి చేలల్లో కలుపు తీసి, జొన్న కోసి బతికింది. అక్షరం రాదు. మా అమ్మ కూలికి దూరదేశం పోయినప్పుడల్లా నన్ను ఆమె దగ్గరే వదిలేది కనుక, నాకు తెలిసిన తల్లి ఎక్కువగా ఆమే.

నోటికి పెట్టింది పేరు మా పెద్దమ్మ. తోడికోడలితో తగవు వస్తే గుప్పెడు దుమ్మెత్తి పోసి, ఏడు తరాలను వరసపెట్టి తిట్టేదట. నేను ఎరిగేనాటికి ఆ నోరు లేదు. బాప్తిస్మం తీసుకోగానే మానేశావా అని ఒకసారి అడిగాను. నవ్వింది.

"యాడిది బిడ్డా! ఆయెనుక గూడ రెండేండ్లు తిట్టిన."

"మరి నరకానికి భయపడి మానేసినవా?"

"భయానికి మానలే. నన్ను గింత పావురంగ, కన్నబిడ్డ లెక్క జూసుకునేటోడు పక్కనే కూసున్నంక గా మాట నోట్లకెళ్లి ఎట్లొస్తది? సిగ్గయితది."

యేసయ్య పక్కనే కూర్చోవడమంటే ఆమెకు నిజంగా కూర్చోవడమే. తెల్లవారుజామున జొన్నలు విసురుతూ ఆయనకు ఊరి సంగతులన్నీ చెప్పేది. నడుము నొప్పి, రాని వాన, పటేలు అన్న మాట, అన్నీ. నా మీద చాడీలు కూడా చెప్పేది: "ఇది నిన్న గూడ తల దువ్వనియ్యలే అయ్యా. నేను జెప్తె ఇంటలేదు, జర నువ్వన్న జెప్పు." దుప్పట్లోంచి తల బయటపెట్టి, ఎవరొచ్చారా అని చూసేదాన్ని. తిరుగలి తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

నాకు పదేళ్లప్పుడు ఊళ్లో విషజ్వరాలు వచ్చాయి. పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. వాడూ, తోడికోడలి కొడుకూ ఒకే రోజు పడకేశారు. మూడు రోజులు ఆమె మోకాళ్ల మీద నుంచి లేవలేదు. తోడికోడలి కొడుకు లేచి తిరిగాడు. మా అన్న పోయాడు.

ఇక పాత నోరు తిరిగి వస్తుందని వాడకట్టంతా ఎదురుచూసింది. రాలేదు. ఆమె తోడికోడలిని పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆయనతో మాట్లాడటం మానేసింది. తిరుగలి తిరిగేది, నోరు మెదిపేది కాదు. ఆదివారం ప్రార్థనకు అందరికంటే ముందు వెళ్లి, గుడిసె ఊడ్చి, చాపలు పరిచి, తన చోట తాను కూర్చునేది. పాటకు పెదవి కదిపేది కాదు, ప్రార్థనకు కళ్లు మూసేది కాదు. ఇలా నెలలు గడిచాయి. ఆమె విశ్వాసం నుంచి జారిపోయిందని సంఘంలో గుసగుసలు బయలుదేరి, చివరికి అయ్యగారే ఇంటికి వచ్చారు.

"దేవుణ్ణి విడిచిపెట్టినవా అమ్మా?"

"నేనెందుకు ఇడిసిపెడ్త అయ్యగారూ? మాట్లాడుతలేను, అంతే. అయ్యతోని అలిగి మాట్లాడకుంటె బిడ్డ ఇల్లిడిసి పోయినట్టా?"

"మాట్లాడనిదానివి ఆదివారం ఎందుకొస్తున్నవు మరి?"

"నేను అలిగినట్టు ఆయనకు తెల్వద్దా?"

అయ్యగారు మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

దాదాపు ఏడాదికి తోడికోడలికి చలిజ్వరం తగిలింది. పెద్దమ్మ అంబలి కాచి పట్టుకెళ్లింది, వెనకే నేను. తాగించింది, నుదురు తుడిచింది, బయటికి వచ్చింది. వాకిట్లో చెప్పు తొడుక్కుంటూ, "ఒళ్లు కాలిపోతుంది అయ్యా, దాని కొడుకు ఇంక పోరగాడు, జర సూడు దాన్ని" అంది. అని, ఆగిపోయింది. ఎవరితో అన్నదో ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. చేత్తో నోరు మూసుకుంది.

"నోరు జారింది బిడ్డా" అంది నాతో.

అక్కడే వీధిలో చతికిలబడి ఏడ్చింది. కొడుకు కోసం ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు. ఏడుస్తూనే ఏడాది మాటలన్నీ ఆయనకు చెప్పింది. మధ్యమధ్య గట్టిగానే కడిగిపారేసింది కూడా. ఆ మధ్యాహ్నం అటుగా వచ్చినవాళ్లంతా ఆమెను తప్పించుకుని చుట్టుదారిన పోయారు. కొడుకును ఎందుకు తీసుకుపోయాడో జవాబు దొరికిందా అని తరువాత అడిగాను. "దొరకలే. ఆయనతోని అలగనీకి వస్తది గని, ఆయన లేకుంట ఉండనీకి రాదు" అంది.

నేను మిషన్ హాస్టల్లో చదువుకున్నాను. ఇప్పుడు పిల్లలకు వాక్యం చెబుతాను. సంఘంలో ప్రార్థన ఎత్తుకోమంటే నన్నే అంటారు. మూడేళ్ల కింద ఊరికి పోయినప్పుడు గిన్నె ముందు కూర్చుని చక్కటి ప్రార్థన చేశాను. పెద్దమ్మ చివరిదాకా వింది.

"మంచిగ జేసినవ్. శానా మర్యాదగ మాట్లాడ్తవ్ బిడ్డా ఆయనతోని" అంది, రొట్టె తుంచుతూ. "మర్యాద సుట్టాలకు."

అప్పుడు నవ్వేశాను. తిరిగి వచ్చేటప్పుడు పుట్టిలో కూర్చున్నాక నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ ఆయన గురించి మాట్లాడాను, ఆయన ఎదుట మాట్లాడాను. ఆయనతో ఎప్పుడు మాట్లాడాను? గదిలో ఒంటరిగా ఆమెలాగే ప్రయత్నించి చూశాను. నా గొంతుకు నేనే సిగ్గుపడి ఆపేశాను. ఆ చనువు కోసం ఎంత తపించానో చెబితే నవ్వుతారు. ఆమె దగ్గరికే మళ్లీ వెళ్లి, నాకూ నేర్పమన్నాను.

"గిదేమన్న బడా, నేర్పనీకి? ఆయనతోని ఉండు. ఎన్నడో ఒకనాడు పానం పానం కలుస్తది."

ఎండాకాలంలో వచ్చి నెల రోజులు నీ దగ్గరే ఉంటానన్నాను. పరీక్షలని ఒక ఏడు, పనులని ఒక ఏడు వాయిదా వేశాను. వచ్చే ఎండాకాలం తప్పకుండా పోదామనుకున్నాను.

మొన్న ఆదివారం మా అయ్యగారు ఎప్పటిలాగే నన్ను ప్రార్థన చేయమన్నారు. లేచి నిలబడ్డాను. మాటలు సిద్ధంగానే ఉన్నాయి. చావు ఇళ్లలో ఎన్నిసార్లు చెప్పలేదు! పళ్ల దాకా వచ్చాయి, నేను రానివ్వలేదు. నన్ను నీ దగ్గరికి తీసుకురాగలిగిన ఒక్క మనిషిని తీసుకుపోయావు. కడచూపుకైనా ఏరు తగ్గనివ్వలేదు. నీతో నాకేం మాటలు అనిపించింది. కూర్చుండిపోయాను. దుఃఖం అనుకుని వెనకనుంచి ఎవరో ప్రార్థన అందుకున్నారు. అందరూ ఆమెన్ అన్నారు, నేను అనలేదు.

జనం వెళ్లిపోయారు. చాపలన్నీ చుట్టి మూలన పెట్టారు, నా కింద ఉన్నది మాత్రం వదిలేశారు. నేను కదల్లేదు. ముందు ఆయనే పలకరించాలని అలాగే కూర్చున్నాను.