జిడ్డు మందు, తెల్ల ధోతి

వేయిమందిని చంపినవాడు అరవైద్యుడని సామెత. నేను అంతమంది జోలికి పోలేదు. కొలువులో చేరిన కొత్తలోనే ఒక మగ్గాన్ని చంపాను. ఎలాగంటారా? నవ్వుకుంటూనే వినండి, నవ్వు ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక చిన్న దవాఖానకు నేను కొత్త డాక్టరును. మెడలో స్టెతస్కోపు, నెత్తిన కొమ్ములు. అక్కడికి చేతులు చూపించుకోవడానికి వచ్చిన మల్లయ్య తాత ధోతులు నేసేవాడు. ఏళ్ల తరబడి ఎగ్జిమా. గోకి గోకి, వేళ్లు పగిలి నెత్తురు కారేవి.

"ఇది ఒక్కపారి పోయే రోగం కాదు తాతా. చర్మం ఎండనియ్యొద్దు. సబ్బు తగ్గించు. ఈ జిడ్డు మందు దినాం ఐదుసార్లు దట్టంగ రాయి. తుడిచినవో, మళ్ల నా దగ్గరికి రాకు!"

"జర పని కాడ ఎట్ల సారూ..."

"డాక్టర్ నువ్వా, నేనా?"

"మీరే సారూ," అని తలవంచుకుని పోయాడు.

రెండు నెలలకు తిరిగొచ్చాడు. చేతులు పసిపిల్లల బుగ్గల్లా ఉన్నాయి! ఇక నన్ను పట్టేదెవరు? ఆ రెండు చేతులూ పైకెత్తి, లైన్లో ఉన్నవాళ్లందరికీ చూపించాను.

"చూడుండ్రి! డాక్టర్ చెప్పినట్టు ఇంటే ఇట్లుంటది!"

తాత మాత్రం నేల చూస్తున్నాడు. పక్కనున్న ఆయన భార్య లచ్చమ్మ మూట విప్పి ఒక తెల్ల ధోతి పరిచింది. అంచు పొడవునా జిడ్డు వేలిముద్రలు, వాటికి అంటుకున్న దుమ్ము.

"మీరు చెప్పినట్టే ఐదుసార్లు రాసిండు సారూ. ఆ చేతులతోనే నేసిండు. సేటు ధోతులు మొకాన కొట్టి, నూలు ఇచ్చుడు బందువెట్టిండు. నెల దినాలసంది మగ్గం ముట్టలే. చేతులు మంచిగ గాక ఏమైతయి?"

లైన్లో ఎవరూ నవ్వలేదు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. చివరికి తాతే నన్ను ఓదార్చాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ. పనంత అయినంక, పండుకునేటప్పుడు రాసుకుంటె నడుస్తుండెనా?"

"నడుస్తుండె తాతా."

ఆయన ఆ రోజు అడగబోయింది అదే. తర్వాత సేటును ఎంత బతిమాలినా వినలేదు. తాత మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టలేదు.

కనుక, ఆ మరకల ధోతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ చేతికి మందు రాసినా, అది ఏం పని చేసే చెయ్యో ముందు అడుగుతాను. "డాక్టర్ నువ్వా, నేనా?" అని మాత్రం జన్మలో అడగను. దానికి జవాబు ఆ రోజే లైన్లో అందరికీ తెలిసిపోయింది.