కుడివైపు నుంచి తెరిచిన మనిషి

జపాన్ బొమ్మల కథలను, అదే మాంగాను, ఇంగ్లీషులో అచ్చేద్దామని కర్నూలులో ఒక మేడమీద గదిలో కంపెనీ పెట్టాను. ఓనరూ, గుమస్తా, తలుపు తీసేవాడూ నేనే. ఈ రోజు మా మొదటి పుస్తకం ప్రెస్సు నుంచి వచ్చింది. మాంగాను కుడివైపు నుంచి చదవాలి. పొద్దుటి నుంచి ఎవరికి చూపించినా ఎడమవైపు తెరిచి, ముందే ముగింపు చూసేసి, "బాగుండాదప్పా" అని తిరిగి ఇచ్చేశారు.

సాయంత్రం కింద అంగట్లో బట్టలు కుట్టే ఖాదర్ భాయ్ పైకి వచ్చాడు. పుస్తకం తీసుకుని నేరుగా కుడివైపు తెరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీకెట్ల తెలుసు భాయ్?"

"మా ఉర్దూ పుస్తకాలన్నీ ఇట్లే గదప్పా. ఇంగ్లీషు నాకు రాదు, బొమ్మలు చూస్తాండా."

ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో ఒక పిల్ల కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది.

"ఈ పాప నీ మాదిరే ఉండాది. రేపు బువ్వ కిందికి తెచ్చుకో, ఇద్దరం తిందాం."

అచ్చుకు పంపేముందు ఆ పేజీని ఎన్నిసార్లు చూశానో. అక్షరదోషాలే వెతికాను.

ఇంతకీ, ఈ మధ్యాహ్నం మీరు ఎవరితో తిన్నారు?