కదలకుండా కట్టిన ఇల్లు

మా ఆయన పోయి ఏడాది దాటింది. ఆసుపత్రిలో, మంచం మీద, జబ్బుచేసి పోయేరు. నేను రాస్తున్న ఈ నీళ్ళకీ ఆ చావుకీ సంబంధం లేదు. ముందే చెబుతున్నాను, చదివేవాళ్ళు చివరిదాకా దానికోసం ఎదురుచూడక్కర్లేకుండా.

తొంభయ్యారు తుఫానులో మా మట్టిగోడల ఇల్లు కూలి మామయ్యగారు చనిపోయేరు. నేను అప్పుడు రామచంద్రపురంలో పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన మస్కట్‌లో వెల్డరు. కబురంది ఆయన వచ్చేసరికి దినాలు సగం గడిచేయి. ఆ దినాల్లోనే చుట్టాల్లో ఒకాయన, ఇంటికి ఈశాన్యం మూల స్నానాలగది ఉంది కదా, అందుకే ఇలా జరిగిందన్నాడు. అత్తయ్యగారు విని ఊరుకున్నారు. కానీ అప్పటి నుంచి ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు ఏ గది ఏ మూలనుందో చూసేవారు.

ఆయన మళ్ళీ మస్కట్ వెళ్ళలేదు. కంకర మోసి మోసి మూలనపడ్డ ఇనప పంటు ఒకటి తుక్కు కింద అమ్ముతున్నారని తెలిసి కొనేరు. సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు లాంటిదే, కాకపోతే దీనికి కింద డొల్లగా పెద్ద కడుపుంది. ఆ కడుపులో ఇల్లు కడతానన్నారు.

"ఇది కూలదు. పైకప్పు ఎగిరిపోదు. నీళ్ళొస్తే లేస్తుంది" అన్నారు.

నాకు ఈత రాదు. ఆ మాట ఆయనకి గుర్తుచేయలేదు. అప్పటికి ఆయన ముఖం చూస్తే ఏదీ గుర్తుచేయబుద్ధి కాలేదు.

మామిడికుదురు దగ్గర గోదారి పాయ వైనతేయ ఒడ్డున పంటుని ఆపి పని మొదలుపెట్టేరు. ముందు తుప్పు కొట్టడం. సుత్తితో కొడుతుంటే పెచ్చులు పెచ్చులుగా రాలేది. కొట్టినకొద్దీ రేకు పలచబడిపోతుందేమో, ఆ చివరి దెబ్బకి నీళ్ళు బయటపడతాయేమోనని నేను నిచ్చెన మీదే నిలబడేదాన్ని, లోపలికి దిగేదాన్ని కాదు. తరవాత ఎర్రరంగు రెండుసార్లు పూసేరు. అడుగున ఇసక బస్తాలు పరిచి పైన చెక్కనేల వేసేరు. గోడలకి సన్నటి చెక్క రీపర్లు బిగించి, రేకుకీ చెక్కకీ మధ్య కొబ్బరిపీచు చాపలు కూరేరు, ఎండకి పెనంలా కాలకుండా. అయినా కాపురం దిగేక, తెల్లారేసరికి ఇనుము చెమట పట్టేది. దుప్పటి మీద చుక్కలు పడేవి. ఒక్కొక్క చుక్కనీ నాలుక మీద వేసుకుని చూసేదాన్ని. వర్షం నీరా, చెమటా, ఏటి నీరా అని. పోటువేళ ఆ ఏట్లో ఉప్పు తగిలేది.

దానికంటే చప్పుడు భయపెట్టేది. ఏట్లో కొట్టుకొచ్చే కొబ్బరికాయలు వచ్చి రేకుకి తగిలేవి. మా మంచం నీటిమట్టం కంటే కిందుండేది. తల పక్కనే, ఎవరో వేలి కణుపులతో తట్టినట్టు వినబడేది. "కాయేలే" అనేవారాయన. కాయేనని నాకూ తెలుసు.

కిటికీలు కోసేటప్పుడు అత్తయ్యగారు వచ్చేరు. తూర్పు వెలుతురు కావాలన్నారు. తూర్పంటే ఏటివైపు. పైన ఎత్తుగా కోద్దామని ఆయన సున్నంతో గీతలు గీసుకున్నారు. మంచం మీంచి చూస్తే ఏరు కనబడాలి కదా అన్నారామె. ఆయన గీతలు చెరిపి కిందకి గీసేరు. కిటికీ అంచుకీ నీటికీ మధ్య మూరెడు ఉండేది.

వంటగది ఆగ్నేయంలో, మా పడక నైరుతిలో, దేవుడి పీట ఈశాన్యంలో. అన్నీ కుదిరేయి. పాలు పొంగించుకుని దిగేం. మాకు పిల్లల్లేరు. ముగ్గురమే.

పంటుని ముందువైపు ఒక్క గొలుసుతో కట్టేరు. పోటుకి నీరు ఎగువకి తోస్తే ఒకవైపు తిరిగేది, పాటుకి నీరు దిగితే మరోవైపు. దిగిన మూడోనాడో నాలుగోనాడో అత్తయ్యగారు పొయ్యి దగ్గర నుంచి పిలిచేరు.

"ఒరే అబ్బాయ్, నిన్న వండుతుంటే ఎండ నా ఎడంచేతి మీద పడింది. ఇవాళ వీపు మీద పడతంది. ఇదేం ఇల్లురా?"

"పాటుకి తిరుగుతుందమ్మా. నీళ్ళు కదా."

"నీళ్ళు తిరగనీ. వంటగది ఎందుకు తిరగాలి?"

ఆయన నవ్వేరు. ఆమె నవ్వలేదు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు ఆయన పంటుని ఒడ్డుకి చేర్చి నాలుగు మూలలా గొలుసులు వేసేరు. రెండు ఒడ్డున పాతిన గుంజలకి, రెండు ఏటి అడుగున దింపిన సిమెంటు దిమ్మలకి. గొలుసులు ఎవరూ విప్పుకుపోకుండా బోల్టులకి వెల్డింగు పెట్టేరు. రోజూ అటుగా వెళ్ళే పడవాయన ఒకడు తెడ్డు ఆపి చూసేడు.

"ఏవండీ, ఇల్లు కట్టుకోమంటే ఓడ కట్టేరు. సరే. ఓడని గుంజకి కట్టేరేటండీ? గేదా?"

"మా అమ్మకి దిక్కులు మారకూడదంట."

"ఆయ్. మరి గోదారమ్మకి చెప్పేరా అండీ?"

పోటుపాట్లకి సరిపడా గొలుసు వదులుంచేరు. ఆ వదులుకే ఇల్లు కాస్త అటూ ఇటూ జరుగుతోందని అత్తయ్యగారు దీపం కుంది పక్కన పడ్డ ఎండకి సుద్దగీత గీసి చూపించేరు. ఆయన ఏటివైపువి ఇంకొంచెం బిగించి మళ్ళీ వెల్డింగు పెట్టేరు. నేను చూస్తూ నిలబడ్డాను. అక్కడ వెల్డరు ఆయన. నేను పుస్తకాలు చదువుకునేదాన్ని. ఆయన తల్లికి కాదని చెప్పలేరని మాత్రం నాకు ఆ రోజు తెలిసింది. ఇంక నా భయం నీళ్ళ గురించి కాదు, దాని గురించి.

చిన్నచిన్న వరదలు వచ్చేయి, పోయేయి. కొన్నేళ్ళకి పెద్దది వచ్చింది.

పొద్దున్న నీరు ఎర్రగా, వేగంగా ఉంది. ఒడ్డున గుంజలు మునిగేయి. ఆ వైపు గొలుసులు పొడుగే కాబట్టి పంటు అటు లేచింది. ఏటివైపు లేవలేదు. దిమ్మలు కిందకి పట్టి లాగుతున్నాయి. మొదట గ్లాసులో నీళ్ళు ఓరగా నిలబడటం చూసేను. తరవాత గిన్నెలు ఒక్కొక్కటే ఏటివైపు గోడకి జారేయి. కిటికీ అద్దానికి సగం దాకా నీళ్ళు. ఆ అద్దంలోంచి మట్టినీరు, గడ్డి, ఓ చెప్పు వెళ్ళిపోవడం కనబడింది. అద్దం చుట్టూ రబ్బరు దగ్గర నీరు దారంలా కారుతోంది.

ఏటిగట్టు మీంచి ఎవరో కేకలేస్తున్నారు. ఆ వడిలో పడవ వేయడానికి ఎవరూ సాహసించలేదు.

వెల్డింగు పెట్టిన బోల్టులు విప్పడానికి రావు. గొలుసు తగిలించిన కొక్కెం నీటి కిందకి పోయింది, గ్యాసు కటింగు పనిచేయదు. ఆయన ఇనుము కోసే యాక్సా బ్లేడు తీసుకుని పైకి వచ్చి, నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస నాకిచ్చేరు.

"చేత్తో పట్టుకోకు. పంటు మీది గుంజకి చుట్టి పట్టుకో. నేను జారితే వదలకు."

"అత్తయ్యగారు కిందే ఉన్నారండీ."

"తెలుసు. పిలు."

పిలిచేను. రాలేదు. ఆయన వాలిన అంచున బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి కోయడం మొదలుపెట్టేరు. అల వచ్చినప్పుడల్లా తల మునిగేది. తేలేదాకా తాడు బిగించి పట్టుకునేదాన్ని. బ్లేడు విరిగితే ఇంకోటి తీసుకునేవారు. కింద అద్దం చిట్లిన చప్పుడు వినబడింది. అప్పుడు అత్తయ్యగారు నిచ్చెనెక్కి వచ్చేరు, చీర మోకాళ్ళ దాకా తడిసి. వచ్చి నా వెనక తాడు పట్టుకున్నారు. ఆమె చేతులు నా చేతుల కంటే గట్టిగా ఉన్నాయి.

మొదటి గొలుసు తెగినప్పుడు పంటు మూలిగింది. రెండోది తెగినప్పుడు ఒక్కసారిగా లేచి ఒడ్డువైపు ఊగింది. మేం ముగ్గురం పడ్డాం. ఆయన లోపలివైపే పడ్డారు. కొంతసేపు ఎవరం లేవలేదు. తరవాత కిందకి దిగి బిందెలతో నీళ్ళు తోడేం.

వరద తీసింది. బురద కడిగి, అద్దం మార్చి, తడిసిన పీచు చాపలు పీకి ఎండబెట్టేం. ఓ పొద్దున్న అత్తయ్యగారూ నేనూ గట్టు మీద బట్టలారేస్తున్నాం. ఏటివైపు ఆయన వంగుని ఏదో బిగిస్తున్నారు. కొత్త గొలుసులు. అంతే పొట్టివి.

నా చేతిలో చీర జారింది. ఆమె కూడా చూసేరు.

"అబ్బాయ్, ఏం చేస్తన్నావ్?"

"కడుతున్నానమ్మా. నీ కోసమే."

"నేనడిగేనా?"

"ఈసారి కొంచెం వదులుగా కడతాను."

"నేనడిగేనా అంటన్నాను."

ఆయన తిరగలేదు. పానా కింద పెట్టేరు. "నాన్న సంగతిలో ఆ చుట్టం అన్నది నిజమేనేమోనమ్మా" అన్నారు.

అన్నేళ్ళూ అది తల్లి పట్టుదల అనుకున్నాను. ఆయనకే ఆ భయం ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. పక్కన పడుకునేదాన్ని, నాకు తెలీదు.

"నేను ఎక్కనండీ" అన్నాను. "అవి తీసేదాకా ఎక్కను." పెళ్ళయ్యాక ఆయనతో గొంతెత్తి అన్న మొదటిమాట అదే అనుకుంటాను.

అత్తయ్యగారు తడిబట్టల బకెట్టు పక్కన కూర్చున్నారు. మామూలుగా మాట్లాడేరు, కూర ఏం వండాలో చెప్పినట్టు.

"మీ నాన్నని స్నానాలగది చంపలేదురా. గోడ నానిపోయింది. కూలుద్దని మా ఇద్దరికీ తెలుసు. బయటికొచ్చేం కూడా. రేడియో తెచ్చుకుంటానని మళ్ళీ లోపలికెళ్ళేరు. నేను చెయ్యి పట్టుకోలేదు. ఆ చుట్టం మూల అన్నాడు. ఆ మాట పట్టుకుంటే నాకు కాస్త నిద్దరపట్టేది. నువ్వు పట్టుకుంటావనుకోలేదు."

ఆయన పానా మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. తరవాత గొలుసులు విప్పేరు. మధ్యాహ్నానికి పంటుని కాస్త లోతుకి తీసుకెళ్ళి ముందువైపు ఒక్క పొడుగాటి గొలుసు మీద వదిలేరు. మేం చిన్న పడవలో వెళ్ళి ఎక్కేం.

అత్తయ్యగారు పోయి, ఆయన ఆరోగ్యం చెడి మేం అమలాపురం వచ్చేసేదాకా అక్కడే ఉన్నాం. ఇల్లు పోటుకోసారి, పాటుకోసారి తిరిగేది. ఆమె అలవాటుపడ్డారు, ఎండ ఎటుంటే అటు పీట జరుపుకునేవారు. ఆయన అలవాటుపడలేదు. భోజనం మధ్యలో పంటు కదలడం మొదలైతే చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. నేను పప్పు వడ్డించబోతే వద్దని తలూపేవారు. పంటు పూర్తిగా తిరిగి నిలబడేదాకా ముద్ద నోట్లో పెట్టుకునేవారు కాదు. ఎందుకని నేను అడగలేదు. నేనూ తినడం ఆపేదాన్ని.