లాండ్రీ గుర్తు పడ్డ నత్తలు

వీధి మొత్తానికి ఆమె ఛీఛీ పిన్ని. ఎదురుగా పిన్నిగారూ అంటారు, అటు తిరగ్గానే ఛీఛీ తగిలిస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. లాండ్రీ నడిపే మనిషికి అసహ్యం పనికిరాదనేది తెలియనివాళ్ళ మాట. అసలు అసహ్యమే ఆమె పెట్టుబడి. కాలర్ల మీద జిడ్డు, చంకల్లో పసుపు మరకలు, పెద్దమనుషుల రుమాళ్ళలో దొరికే పెద్దరికం, అన్నీ చూసి చూసి ఎవరి మీదా ఆమెకు గొప్ప అభిప్రాయం మిగల్లేదు. "పైకి గంజి, లోపల మురికి. ఛీ," అనేది.

అలాంటి మనిషి తోటల క్లబ్బులో చేరిందంటే మొగుడి కోసమే. క్లబ్బు తోటలో మొక్కలు వేసుకునే మడి ఒకటి ఆయనది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఆయన గడప దాటనన్నాడు, ఒక్క ఆ మడి దగ్గరికి తప్ప. పొద్దున్నే చక్రాల కుర్చీలో తోసుకెళ్ళి మట్టి చేతికందేంత దగ్గరగా ఆపితే ఆ మొహం కాస్త తేటపడేది. కానీ క్లబ్బుకో నియమం ఉంది. వసంతంలో తనిఖీకి వచ్చినప్పుడు మడిలో పచ్చగా ఏదో ఒకటి కనబడాలి. లేకపోతే మడి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. కిందటేడు నత్తలు మొత్తం నాకేస్తే, ఆయన ఒంట్లో బాగాలేదని ఒక్కసారికి వదిలేశారు. ఈ ఏడు వదలరు. మడి పోతే ఆయన మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆమెకి ఆ భయమే.

వసంతం అందరికీ పూలు తెస్తుంది, ఛీఛీ పిన్నికి మాత్రం రోత తెస్తుంది. విత్తనాల మార్పిడి అని ఓ రోజు పెడతారు. మొలవని గింజలన్నీ పొట్లాలు కట్టి, నవ్వుతూ పక్కవాళ్ళకి అంటగడతారు. ఇక తనిఖీ దగ్గర పడిందంటే నర్సరీకి పరుగులు. పూసిన మొక్కలు కొనుక్కొచ్చి, కుండీతో సహా మట్టిలో పాతేసి, విత్తనం వేసి పెంచామని చెప్పుకుంటారు. పైన పటారం, లోన లొటారం. "సిగ్గుండక్కర్లేదుటండీ వీళ్ళకి?" అని ఆమె మండిపడితే, ఆయన పెదవి నవ్వినట్టు ఓ పక్కకి కదిలేది.

అన్నిటికన్నా రోత నత్తలేరే పని. క్లబ్బు అధ్యక్షుడు బ్యాంకు మేనేజరుగా చేసి దిగినాయన. వాటి ప్రాణం తీయొద్దని ఆయన ఆజ్ఞ. అందుకని అందరూ ఏరి బకెట్లు తెచ్చిస్తే, ఆయనే తోపుడుబండి మీద పెట్టుకెళ్ళి కాలువ ఒడ్డున పారబోసి వస్తాడు. అందరూ చేత్తో ఏరేవారు, ఆమె పట్టకారుతో ఏరేది. ఆకు నుంచి ఊడివచ్చేటప్పుడు నత్త చేసే ఆ చిన్న చప్పుడుకి మొహం పక్కకి తిప్పుకునేది. ఏరడం కాగానే బకెట్టు మొగుడి కుర్చీ పక్కన పెట్టి కొళాయి దగ్గరికి పరిగెత్తేది. మోచేతుల దాకా సబ్బు రుద్ది, కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగేది. అప్పుడు తిరిగొచ్చి బకెట్టు అధ్యక్షుడికి అప్పగించేది.

ఎంత ఏరినా ఆమె చిక్కుడు మొలకలు బతకలేదు. రెండాకులు వేస్తే తెల్లారేసరికి పుల్ల మిగిలేది. పక్క మడి అధ్యక్షుడిదే. అక్కడ డాలియాలు నిగనిగలాడుతున్నాయి.

"కాలువా లేదు, పాడూ లేదు. మన బకెట్టు తెచ్చి మన మడిలోనే కుమ్మరిస్తున్నాడు ఆ పెద్దమనిషి," అంది ఆమె.

మొగుడికి జబ్బు చేశాక మాటలు తక్కువ. ఎడమచేత్తో కోటు సర్దుకున్నాడు.

ఆమె ఊరుకోలేదు. బట్టలు తారుమారు కాకుండా కాలరు లోపల గుర్తు వేసే సిరా షాపులో ఉంది. ఎంత ఉతికినా పోదు. అధ్యక్షుడి చొక్కాల గుర్తు రెండు చుక్కలు, ఓ గీత. మర్నాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, ఏరిన ప్రతి నత్త డిప్ప మీదా అదే గుర్తు వేసింది. ఎవరి సరుకు వాళ్ళకే చేరాలి మరి. అది మళ్ళీ తన మడిలో కనబడితే దొంగ దొరికినట్టే.

మళ్ళీ పొద్దున చూస్తే, మిగిలిన ఒకే ఒక్క మొలక మీద నత్త. దాని వీపున రెండు చుక్కలు, ఓ గీత. ఛీఛీ పిన్నికి పండగే అయింది. తనిఖీ రోజున పదిమందిలో అధ్యక్షుణ్ణి కడిగిపారేయాలని, ఇస్త్రీ చేస్తున్నంతసేపూ తిట్లు వరస పెట్టుకుంది.

తనిఖీకి ముందు సాయంత్రం మొగుడి కోటు ఉతకడానికి తీసింది. జేబులు చూడకుండా ఏ బట్టా తొట్టిలో వేసే అలవాటు ఆమెకి లేదు. చెయ్యి పెట్టింది. వేళ్ళు చల్లగా, మెత్తగా, జిగటలో దిగబడ్డాయి. బయటికి తీస్తే, నలిగిన చిక్కుడాకులో నత్తలు. అన్నిటి మీదా అధ్యక్షుడి గుర్తే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమె కొళాయి దగ్గర చేతులు కడుక్కునేంతసేపూ, మొగుడి ఎడమచెయ్యి బకెట్లోంచి మడిలోకి దొంగసరుకు చేరవేస్తోందన్నమాట.

"ఇదేం పనండీ?" ఆమె నత్తల్ని ఆయన ముందుకి చాపింది. "పీకల దాకా రోత మింగి ఏరానే! ఒక్క మొలక మిగల్లేదు. రేపు మడి లాగేసుకుంటారు. ఇదంతా ఎవరి కోసం అనుకున్నారు?"

ఆయన ఒక్కొక్క మాటే కూడదీసుకున్నాడు.

"కాలువలో... కొట్టుకుపోతాయి," అన్నాడు. ఎడమచేత్తో కుర్చీ చక్రం తడిమి, "పాపం, పరిగెత్తలేవే," అన్నాడు.

ఆమె ఛీ అనబోయింది, రాలేదు. కోటు జేబు తిరగేసి జిగట పోయేదాకా రుద్దుతూ ఉండిపోయింది.

మర్నాడు షాపు తెరవలేదు. నర్సరీకి వెళ్ళింది. పూసిన డాలియాలు కొంది. గుంతలు తవ్వి, కుండీలతో సహా పాతిపెట్టి, అంచులు కనబడకుండా మట్టి కప్పింది. అంత అసహ్యం ఆమెకి ఎవరి మురికి గుడ్డ చూసినా కలగలేదు.

అధ్యక్షుడు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. "అబ్బో! విత్తనం నుంచేనా పిన్నిగారూ?"

వరస పెట్టుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉన్నాయి. కుర్చీలో ఆయన ఆమెకేసే చూస్తున్నాడు.

"ఆ. విత్తనం నుంచే," అంది. నాలుక మీద నత్త పాకినట్టయింది.

అధ్యక్షుడు పూలని, మట్టిని మార్చిమార్చి చూసి, తన జట్టులో మనిషి దొరికినట్టు చిన్నగా కన్ను గీటాడు. మడి వాళ్ళదే అన్నాడు. కన్ను గీటినందుకు ఆ మొహం మీద ఉమ్మేయాలనిపించింది ఆమెకి.

వాళ్ళు వెళ్ళాక చూస్తే, కొత్త డాలియా కాడ మీద రెండు చుక్కలు, ఓ గీత మెల్లగా పైకి పాకుతున్నాయి. పట్టకారు ఇంట్లో ఉండిపోయింది. ఆమె వేళ్ళతోనే దాన్ని ఊడబీకింది. అదే చప్పుడు. తీసుకెళ్ళి ఆయన ఎడమ అరచేతిలో పెట్టింది.

"ఛీ," అంది. "ఇంద, పట్టుకోండి. జేబులో మాత్రం వేసుకోకండి."