బ్యాటు తగిలింది, కాలు తగలలేదు

కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతి కుర్రాడూ సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మా అల్లుడుగారి ఆఫీసులో ఒక జట్టుకు సరిపడా తెలుగువాళ్లే ఉండేవారు. ఆఫీసు పెట్టిన పోటీ మాత్రం క్రికెట్ కాదు, బేస్‌బాల్. క్రికెట్ వచ్చినవాడికి అదో లెక్కా అని మావాళ్లు పేర్లిచ్చేశారు. ఏం విచిత్రమో, ఫైనల్ దాకా వచ్చేశారు.

ఆట వుడ్‌ల్యాండ్స్‌లో. మా అమ్మాయికి ఏడో నెల, ఎండలో రాలేనంది. నేనే పులిహోర డబ్బాలతో వెళ్లి, గొడుగు పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే నాదని ఆపుకున్న కుర్చీలో, బంతి కొట్టేవాడికి సరిగ్గా వెనక కూర్చున్నాను.

ఆ ఆటలో బంతి కొట్టగానే బ్యాటు పడేసి పరుగెత్తాలి. మూడు మూలలూ చుట్టి, బయల్దేరిన చోట ఉన్న తెల్ల పలకను ఒంటితో తాకితే ఒక పరుగు. ఈలోగా బంతి పట్టుకున్నవాడు మనల్ని తట్టాడా, ఔట్.

ఆఖరి ఘట్టం. ఒక్క పరుగొస్తే కప్పు మాది, రాకపోతే వాళ్లది. అల్లుడుగారు బంతిని కంచె దాకా కొట్టారు. బ్యాటు వదల్లేదు. దాంతో సహా అన్ని మూలలూ తిరిగొచ్చి, క్రికెట్‌లోలాగా వంగి, బ్యాటు చాచి పలక మీద ఆనించారు. వెనకవాడు బంతితో వీపు మీద తట్టాడు. ఆ ఊపులో కాలూ పలక మీదికొచ్చింది. తట్టడం ముందా, కాలు ముందా?

అంపైరు ముసలాయన మొదట ఔట్ కాదన్నాడు, తర్వాత ఔటన్నాడు.

"బ్యాటు పెట్టాడు కదండీ!" అని మావాళ్లు మీద పడ్డారు.

"ఇది క్రికెట్ కాదు లా!" అని సింగపూర్ యాసలో అవతలివాళ్లు.

చివరికి దుమ్ములో తనకేమీ కనపడలేదని అంపైరు ఒప్పుకున్నాడు. అవతలి కెప్టెన్ నావైపు వేలు చూపించాడు. "ఆ ఆంటీని అడగండి. ఆవిడ కళ్లముందే జరిగింది."

"ఆవిడ మా అత్తగారు," అన్నారు అల్లుడుగారు.

"అత్తగారా! ఇంకేం మరి! మా అత్తగారైతే నన్ను బయల్దేరకముందే ఔట్ చేసేది. మాకు సమ్మతమే."

మావాళ్లూ వెంటనే సరేనన్నారు. అల్లుడి మాట కాదనే అత్త మా జిల్లాలో పుట్టలేదని వాళ్ల ధైర్యం.

నేను చూశాను. కానీ అల్లుడుగారి ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికే నాకు నెలలు పట్టింది. ఉండేది ఆయన ఇంట్లో. పురుడు దాకా ఉండాల్సినదాన్ని.

అదృష్టమో దురదృష్టమో, నోటిమాట చెల్లదట. అంపైరు ఫారం తీసి కలం చేతికిచ్చాడు. యాభై దాటాక మా అమ్మాయి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని. అంతవరకూ రాసినవి సరుకుల చీటీలే. "తట్టేసరికి బ్యాటు తగిలింది. కాలు తగలలేదు" అని రాసి, సంతకం పెట్టాను. రెండు జట్లూ గడ్డి మీద కూర్చుని ఎదురుచూశాయి. నా సంతకం పూర్తయ్యేసరికి పులిహోర అయిపోయింది.

అంపైరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. తెలుగు చదవగలిగింది ఓడిపోబోయే జట్టు ఒక్కటే. దాన్ని తీసుకెళ్లి అల్లుడుగారికే ఇచ్చాడు.

ఆయన చదివారు. మళ్లీ చదివారు. భుజం మీంచి తొంగిచూసిన మావాడొకడు, "తగిలిందని చెప్పెయ్ బావా, ఎవడికి తెలుస్తుంది?" అని గొణిగాడు.

అల్లుడుగారు నావైపు చూశారు. నేను తల దించుకోలేదు. నా చేతిరాతను ఇంటి బయట చదివిన మొదటి మనిషి ఆయనే. చదివింది చదివినట్టు చెప్పమని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"ఔటట," అని ఇంగ్లీషులో చెప్పి కాగితం తిరిగి ఇచ్చేశారు.

ఇల్లున్న సెరంగూన్ దాకా రైల్లో వచ్చాం. లిఫ్టులో అడిగారు: "నిజంగానే తగల్లేదా, అత్తయ్యగారూ?"

"తగల్లేదు బాబూ."

"ఎంత దూరం?"

"నాకేం తెలుసు బాబూ కొలతలు."

ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లందరికీ కప్పు వెంట్రుకవాసిలో పోయిందనే చెబుతారు. నేను కాఫీలిచ్చి లోపలికి వచ్చేస్తాను. బెత్తెడు.