గాలి సిద్దిరాములు చెవిపోగు

సిద్దిరాములు ముందు గాలిని చూసి, తర్వాత మనిషిని చూసేవాడు. ఎవరు పలకరించినా సరే, కుడి చెవి మీద వేలాడేసుకున్న నూలు పోగును తీసి, రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకొని, అది ఎటు ఊగుతుందో చూసి, "ఆఁ, పడమటి గాలి. ఇగ చెప్పు" అనేవాడు. ఊళ్ళో షావుకార్ల చెవులకు బంగారు పోగులుంటే ఆయన చెవికి నూలు పోగు. అందుకే ఊరంతా ఆయన్ని గాలి సిద్దిరాములు అని పిలిచేది. ఆయనకు కోపం వచ్చేది కాదు. "గాలి లేకుంటే ఎవడన్న బతుకుతడా?" అని ఒప్పేసుకునేవాడు.

సాలెల ఇంట పుట్టినవాడికి గాలి ధ్యాస ఉండడంలో వింతేమీ లేదు. పడుగును వీధి పొడుగునా సాగదీసి గంజి పెట్టేటప్పుడు గాలి సరిగ్గా లేకపోతే పోగులు అతుక్కుంటాయి, దుమ్ము పడుతుంది, వారం రోజుల కష్టం మట్టిపాలవుతుంది. అందుకని సిద్దిరాములు తండ్రి రోజూ పొద్దున్నే పోగు ఎత్తి చూసేవాడు. తండ్రి ఆ విద్యను పడుగు దగ్గరే వదిలేస్తే, కొడుకు దాన్ని పెళ్ళిచూపులదాకా పట్టుకెళ్ళాడు.

షాద్‌నగర్ పక్క ఊరది. పిల్లను తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. "పిల్ల నచ్చిందా బిడ్డా?" అని కాబోయే మామ అడిగితే, మన పెళ్ళికొడుకు లేచి నిలబడి పోగు ఎత్తాడు.

"పిల్లను జర ఇటు దిక్కు కూసోబెట్టుండ్రి."

మామ హడలిపోయాడు. "ఏంది బిడ్డా, వాస్తు దోషమా?"

"కాదు మామా. పొయ్యి పొగ పిల్ల కండ్లల్ల వడ్తాంది."

పిల్ల ఇటు జరిగింది. ఆమె ఖాళీ చేసిన జాగాలోకి సిద్దిరాములు వెళ్ళి కూర్చున్నాడు. పొగ నేరుగా ముఖాన కొడుతుంటే, బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ "నచ్చింది మామా" అన్నాడు. అంతగా ఏడుస్తూ ఒప్పుకున్న పెళ్ళికొడుకును ఆ ఊరు మళ్ళీ చూడలేదు. ఆ పిల్ల వెంకటనర్సమ్మ కాపురానికి వచ్చి ఎన్నేళ్ళైనా, "నన్ను సూసి చేసుకున్నడో, గాలిని సూసి చేసుకున్నడో ఆ యాదగిరి నర్సన్నకే ఎరుక" అని చెప్పుకుని నవ్వేది.

ఇక విందుల్లో ఆయన ఆగడం చెప్పనలవి కాదు. బంతి సాగుతూ ఉంటుంది. పప్పు వడ్డించి ఉంటారు. సిద్దిరాములు పోగు ఎత్తుతాడు.

"లేవుండ్రి, లేవుండ్రి! గాలి మర్లింది!"

"గిప్పుడేం మర్లుడే, పప్పు కారిపోతాంది!" అని పెద్దమనిషి బుచ్చయ్య మొత్తుకున్నా వినడు. బంతి మొత్తం విస్తళ్ళు రెండు చేతులా పట్టుకొని, తీర్థంలో ప్రసాదం మోసినట్టు మోసుకుంటూ, అటు నుంచి ఇటు మారాల్సిందే. అంతా సర్దాక ఆయన కూర్చునేది మాత్రం సరిగ్గా గాడిపొయ్యి పొగ వచ్చి కొట్టే చోట. దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, పొగలోంచి "పప్పు, పప్పు" అని చేయి చాపేవాడు. కల్వకుర్తి బస్సులోనూ ఇదే వరస. అందరి సీట్లూ మార్పించి, తాను పోయి చుట్ట కాల్చే ముసలాయన పక్కన ఇరుక్కునేవాడు.

"శకునం చెప్పే బల్లి కుడితిల వడ్డట్టే ఉన్నది వీని యవ్వారం" అని బుచ్చయ్య అంటే ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వేవాడు యోహాను. అతను దాని మీద ఒక సిద్ధాంతం కూడా చేశాడు. "సిద్దిరాములన్న లెక్క మంచిదే. కాకపోతే కొసకు ఒక్క మనిషి జాగా తప్పుతది" అనేవాడు. ఆ మాట ఊళ్ళో సామెతలా నిలిచిపోయింది.

యోహాను అప్పటిదాకా పటేలు దగ్గర జీతగాడు. సర్కారు పట్టా చేసి ఇచ్చిన కొద్దిపాటి చెలకలో ఆ ఏడు మొదటిసారి తన పేరు మీద ఆముదం వేసుకొని, జీతం మానేశాడు. చేను మోకాలెత్తు లేచి కళకళలాడుతున్నప్పుడు దాసరి పురుగు దిగింది. ఒళ్ళు విల్లులా వంచి, దండం పెడుతున్నట్టు నడిచే పురుగది. భక్తి నడకలోనే, తిండిలో లేదు. ఆకును తిని ఈనెలు మాత్రం వదిలిపెడుతుంది.

సరిగ్గా అదే అదనులో పంచాయతీ సమితి నుంచి పురుగులకు కొట్టే మందుబండి వచ్చింది. బండి అంటే బండి రాలేదు, పెట్టెల్లో ముక్కలు వచ్చాయి. రెండు ఇనుప చక్రాలు, ఒక పీపా, చేత్తో కొట్టే పంపు, రబ్బరు గొట్టాలు, వెనుక అడ్డంగా బిగించే పైపు, దానికి వరసగా ఇత్తడి నాజిళ్ళు. ఎడ్లు ముందు లాగుతుంటే వెనుక పైపులోంచి మందు పొగమంచులా చేను మీద పడాలి. గ్రామసేవక్ బాలస్వామి కాగితంలో బొమ్మ చూసుకుంటూ అన్నీ బిగించి, పీపా నిండా నీళ్ళు పోసి పంపు కొట్టించాడు. ప్రతి అతుకు నుంచీ నీళ్ళు చిమ్మి చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ స్నానమైంది. నాజిళ్ళలోంచి మాత్రం చుక్క రాలేదు.

సిద్దిరాములు తడి మీసం తుడుచుకొని ముందుకొచ్చాడు. "సారూ, మర మీద పోగు సుట్టి బిగిద్దామా?"

ఆముదంలో తడిపిన నూలు పోగును ఒక్కో మర మీదా ఒత్తుగా చుట్టి, పానాతో బిగించాడు. ఈసారి పంపు కొడితే నాజిళ్ళన్నీ ఒక్కసారి బుస్సుమన్నాయి. బాలస్వామి పట్టరాని సంతోషంతో, "సిద్దిరాములూ, ఇగ ఈ బండి నీదే" అన్నాడు. ఎడ్లను పట్టి నడపడానికి యోహాను కుదిరాడు. ఆ రోజు నుంచి గాలి పిచ్చికి సర్కారు ముద్ర పడింది.

ఇక చూడాలి ఆ వైభవం. గాలి ఎటు పోతుందో ఆ కొసన మొదలుపెట్టి, గాలికి ఎదురుగా సాలు తర్వాత సాలు జరుగుతూ రావాలి. అప్పుడు కొట్టిన మందు వెనక్కి పోతుందే గాని మనిషి మీదికి రాదు. మందును చేత్తో కాదు, కట్టెతో కలపాలి. ముక్కుకు గుడ్డ కట్టాలి. ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పొడిచి గుంతలో పూడ్చాలి. "అయ్యో, నెయ్యి పోసుకునేటోళ్ళం గద" అని బుచ్చయ్య ఆ గుంత చుట్టూ ఆశగా తిరిగితే, "నెయ్యి నీకు, దినాలు మాకు" అని సిద్దిరాములు తరిమేశాడు.

"అన్నా, ఒక్క బీడీ తాగుతనే" అనేవాడు యోహాను.

"సబ్బుతోని చేతులు కడుక్కున్నంక."

"గాలి నా దిక్కు లేదు గదా?"

"చెయ్యి నీ దిక్కే ఉన్నది గదా!"

ఊరి చేలన్నీ అయ్యాయి. చివరికి యోహాను చెలక మిగిలింది. మధ్యాహ్నానికల్లా బండి పక్క ఊరికి పోవాలని సమితి ఆర్డరు. పురుగు అప్పటికే సగం చేను నమిలేసింది. ఈ పూట మందు పడకపోతే ఇంకో సగం పోతుంది. చేను పోతే యోహాను మళ్ళీ పటేలు గడప తొక్కాల్సిందే. అతను కోడి కూయకముందే ఎడ్లను కట్టి నిలబడ్డాడు.

తెల్లవారాక సిద్దిరాములు పోగు ఎత్తాడు. పోగు తిన్నగా తూర్పుకు ఊగింది. చేనుకు తూర్పున ఆనుకొని ఉన్నది యోహాను వాళ్ళ వాడ. వాకిళ్ళలో కుండలు, గోలెంలో తాగే నీళ్ళు, దుమ్ములో ఆడుకుంటున్న పిల్లలు.

"గాలి వాడ మీదికున్నది. కొట్టను."

యోహానుకు ఒళ్ళు మండిపోయింది. "పటేలు చేనుకు కొట్టంగ లేని గాలి నా చేనుకాడికొచ్చినంకనే లేసిందా? ఊరి పొగ, ఊరి దుమ్ము, కల్లాల పొట్టు, అన్ని మా వాడ మీదికే వస్తయి. మా తాతలనాటి నుంచి గిట్లనే ఉన్నది. నీ పోగుకు ఇయ్యాలనే తెలిసిందా?"

"పటేలు చేను అవుతల పోరంబోకు తమ్మీ. ఈడ పిల్లలున్నరు."

"ఇంక నాకు పటేలు జీతమే గతి. నీ గాలితోనే కూసో!"

బాలస్వామి గడియారం చూసుకొని, "ఏం చేస్తం యోహానూ, ఆర్డర్ గదా. బండి మర్లేద్దాం" అన్నాడు దిగులుగా.

"జర ఆగుండ్రి సారూ," అంటూ సిద్దిరాములు పంపు దగ్గర వంగాడు. మర విప్పాడు. లోపల వేలు పెట్టి తిప్పాడు. నెమ్మదిగా లేచాడు. "పంపుల వాషరు లేదు. యాడనో వడ్డది. అది లేంది పంపు నడవది, పక్కూరికి తోలుకపోయినా దండుగనే."

ఇక వెతుకులాట మొదలైంది. యోహాను గట్లన్నీ జల్లెడ పట్టాడు. అతని తల్లి బాలనర్సమ్మ నిజంగానే జల్లెడ తెచ్చి మట్టి పట్టింది. బాలస్వామి ప్యాంటు మడుచుకొని బురదలో మోకాళ్ళ మీద పాకాడు. సిద్దిరాములు మాత్రం దుప్పటి పరిచి, మందుబండిని ఏ ముక్కకాముక్క ఊడదీసి, తుడిచి, పోగు చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి, పెళ్ళికూతురికి నగలు పెట్టినంత తీరిగ్గా కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది, తలకు చెవులు మూసేలా రుమాలు కట్టుకున్నాడు. "గాలి సోకుతాంది" అన్నాడు అడిగితే. అంతకన్నా వింత, ఆ రోజు మళ్ళీ పోగు ఎత్తలేదు. అప్పుడప్పుడు చిటికెడు మట్టి ఎగరేసి, అది వాడ వైపే పోతుంటే నిట్టూర్చి, ఇంకో నాజిలు విప్పేవాడు.

"నా చేను కాలిపోతుంటే వీడు దుకాణం వెట్టుకున్నడు" అని యోహాను పళ్ళు నూరాడు.

పొద్దు వాలే వేళకు గాలి నిలిచిపోయింది. కాసేపటికి యోహాను రెండో చెంపకు చల్లగా తగిలింది.

"అన్నా! గాలి మర్లింది!"

సిద్దిరాములు సంతోషంలో ఒళ్ళు మరిచిపోయాడు. రుమాలు లాగేసి, చెవి మీది పోగు తీసి, అందరి ముందూ జెండాలా పైకెత్తాడు.

పోగు కదలలేదు. దాని కొసకు ఇత్తడి వాషరు వేలాడుతోంది.

బాలనర్సమ్మ చేతిలో జల్లెడ అట్లాగే ఉండిపోయింది. చివరికి యోహానే అడిగాడు. "చెవికి ఏందన్నా అది?"

సిద్దిరాములు నేల చూపులు చూశాడు. "చెవిపోగు."

"మరి నాకన్న చెప్పకపోతివి? పొద్దుగాల సంది తిడుతున్న గదనే!"

"చెప్తే నువ్వు ఎతుకుతవా? ఎతకకపోతే సారు ఆర్డర్ తప్పినట్టయితది."

బాలస్వామి బురద మోకాళ్ళు దులుపుకుంటూ దగ్గాడు. "నాకు పొద్దుగాలనే కనవడ్డది లే, రుమాలు కట్టంగ. మరి ఎతకకపోతే బండి తోలాలె గదా అని నేను గూడ ఎతికిన."

అప్పుడు యోహాను నవ్వాడు. పొద్దుటినుంచి కట్టెలా బిగుసుకున్న మనిషి, ఎడ్లు బెదిరేంతగా నవ్వాడు. రోజంతా పట్టిన బండి బిగింపు చిటికెలో అయిపోయింది. పడమటి కొస నుంచి మొదలుపెట్టి, సాలు సాలుకూ వాడ వైపు జరుగుతూ, పొద్దు గూకేలోపు చేనంతా మందు కొట్టారు. వాడ మీద ఒక్క తుంపర పడలేదు. దాసరి పురుగులు చివరి దండం పెట్టేశాయి.

ఆముదం గెలలు కోసిననాడు యోహాను సిద్దిరాములునూ, బాలస్వామినీ భోజనానికి పిలిచాడు. ఊళ్ళోవాళ్ళు వాడలో అన్నం తినని కాలమది. సాలెల సిద్దిరాములు వస్తాడా, వచ్చినా తింటాడా అని బాలనర్సమ్మ లోలోపల గుబులు పడింది. ఆయన వచ్చాడు. వాకిట్లో నిలబడి ఒకే ఒక్కటి అడిగాడు.

"గాలి ఎటున్నదవ్వా?"

పోగు ఎత్తాడు. బాలస్వామిని లేపి ఇటు కూర్చోబెట్టాడు. యోహానును లేపి అటు పంపాడు. అంతా సర్ది, తాను పోయి సరిగ్గా పొయ్యి పొగ కొట్టే చోట కూర్చొని దగ్గడం మొదలుపెట్టాడు.

యోహాను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఎన్నో బంతుల్లో చూసిందే. ఇన్నేళ్ళూ నవ్విందే.

"అన్నా, నీ లెక్క ఒక్క మనిషి జాగా తప్పుతదనుకున్న."

"తప్పలే తమ్మీ," అన్నాడు సిద్దిరాములు పొగలోంచి. "అది యాడనో ఒక కాడికి పోవాలె గదా. మందైతే ఎవ్వరుండొద్దు. పొగకైతే నేనున్న, దానికేమైతది?"

యోహాను తన కంచం తీసుకొని లేచాడు. వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"జరుగు."

"ఈడ పొగ వస్తాంది రా!"

"ఎరికనే. జర జరుగు."

ఇద్దరూ భుజాలు రాసుకొని కూర్చున్నారు. ఇద్దరి కళ్ళూ ధారలు కట్టాయి. కోడికూర గిన్నెతో వచ్చిన బాలనర్సమ్మ వాళ్ళను చూసి గాబరా పడింది.

"అయ్యో కొడుకా, కూర గంత కారమైందా?"

"లేదవ్వా, మస్తున్నది," అన్నారు ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, కంచాలు ముందుకు చాపి. "ఇంకొంచెం ఎయ్యి."