తానియోస్ కూతురి ఓటు

బీరూట్‌లో మా కింది వాటాలో అఫీఫా పెళ్లయినప్పటి నుంచీ ఉంది. ఓటు మాత్రం ఆ వీధిలో ఎన్నడూ లేదు. మా దగ్గర ఓటు మనిషి ఉండేచోట ఉండదు, తాతల ఊళ్లో ఉంటుంది. ఆడదానికి పెళ్లయితే మొగుడి ఊరికి పోతుంది. అలా ఆమె ఓటు బెకా లోయలోని మొగుడు షుక్రీ ఊరు చేరింది. ఆమె పుట్టిన ఊరు ఐన్ సుమ్మాక్ కొండమీద ఉంది. అంతర్యుద్ధంలో అక్కడి ద్రూజ్ మతస్థులు తరిమితే, అఫీఫా పుట్టింటివాళ్లతో సహా క్రైస్తవులంతా కట్టుబట్టలతో కొండ దిగారు. మళ్లీ ఆమె ఆ ఊరి ముఖం చూడలేదు.

షుక్రీ పోయాక, పిల్లలు లేని అఫీఫా తన పేరును తిరిగి తండ్రి ఊరికి మార్పించుకుంది. షుక్రీ ఊళ్లో పార్టీకి ఓట్లు కూడగట్టే నదీమ్ ఆ సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా, ఇదేం పని! లోయలో మన పార్టీకి ఒక్కో ఓటూ ప్రాణం. ఆ కొండమీద మనవాళ్లు గెలిచేది లేదు. నీ ఓటు నీళ్లలో పోసినట్టే."

"పోనీరా. నీళ్లయినా మా ఊరివే కదా."

"మావయ్య ఉంటే ఒప్పుకునేవాడా?"

"ఆయన ఉన్నన్నాళ్లూ మీరు చెప్పినవాళ్లకే వేశాను. ఇక నన్నొదిలెయ్యి నాయనా."

నేను ఓటు వేయడం ఎప్పుడో మానేశాను. మా ఊరికి పోయే పని లేదు కాబట్టి పార్లమెంటు ఎన్నికల రోజున ఆమెను నా కారులో తీసుకెళ్లాను. ఆమె చదువుకున్న బడిలోనే పోలింగ్. బల్ల దగ్గర గుమాస్తా, "అఫీఫా, తండ్రి తానియోస్!" అని పిలిచాడు. ఆమె కదల్లేదు. ఇన్నేళ్లూ అందరికీ షుక్రీ భార్యే. నేను మోచేత్తో పొడిచాను.

"నేనే," అంది.

బయట వసారాలో తెల్లముసుగు వేసుకున్న ద్రూజ్ ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"మంగలి తానియోస్ కూతురివటే? నీ జడ మా అమ్మే వేసేది!"

"నజీరా? నువ్వు ఇంకా ఉన్నావటే!"

ఇద్దరూ చేతులు పట్టుకుని తానియోస్ ఇల్లు ఉండే చోటుకు నడిచారు. అక్కడ ఇల్లు లేదు. వంటగది ఉన్నచోట కార్లు నిలిపి ఉన్నాయి. అఫీఫా వాటి మధ్య చాలాసేపు నిలబడింది.

తిరుగుదారిలో, "ఎవరికి వేశావు?" అని అడిగాను.

"ఏ పార్టీ జాబితాలోనూ తెలిసిన పేరు లేదమ్మా. ఒకడి ఇంటిపేరు మా పక్కింటివాళ్లది. అతనికే గుర్తు పెట్టాను." అతను ఓడిపోయాడు.

తర్వాత రావాల్సిన ఊరి పురపాలక ఎన్నికల కోసం కొత్త గౌను కుట్టించుకుంది. వాయిదా వేశారు. మరుసటేడు మళ్లీ వాయిదా. వార్త వినగానే టీవీ కట్టేసి ఏడ్చింది.

"పద, రేపే తీసుకెళ్తాను," అన్నాను.

"వద్దమ్మా. ఊరికే పోతే చూడ్డానికొచ్చిన చుట్టాన్నే. ఓటుకెళితే నా పేరు పెట్టి పిలుస్తారు."

కొత్త తేదీ ఇంకా చెప్పలేదు.